ములుకు గీసిన గోడ

అనగనగా ఒక అడవిలో ఓ రాళ్లగుట్ట. ఆ గుట్ట అడుగున ఓ ముళ్లపందుల కాపురం. కాపురమంటే మనలాంటి కాపురమే, నవ్వకండి. నాన్న పేరు బాణయ్య. అమ్మ పేరు సూదమ్మ. వాళ్లకో గారాల కూతురు, పేరు ములుకు. ఒంటినిండా ముళ్లున్నవాళ్లు మల్లెమ్మ, తామరయ్య అని పేర్లు పెట్టుకుంటారా ఏమిటి?

వాళ్ల ఇల్లు మరీ చిన్నది. గుట్ట కింద తవ్విన ఒకే ఒక్క గది. బాణయ్య అటు తిరిగితే సూదమ్మకి గుచ్చుకునేది. సూదమ్మ ఇటు తిరిగితే గోడకి గీసుకునేది. ములుకు ఎటు తిరిగినా అందరికీ గుచ్చుకునేది. "అబ్బా!" "అమ్మో!" "చూసుకోవే పిల్లా!" అని రోజంతా ఒకటే కేకలు. ఆ కేకల వెనకాలే నవ్వులు.

ఎండలు ముదిరిన రోజుల్లో సూదమ్మ ఓ చల్లని కబురు చెప్పింది.

"ఏవండీ, వానలు పడే వేళకి మన ములుకుకి తమ్ముడో చెల్లెలో వస్తారు."

బాణయ్య ఎగిరి గంతేశాడు. ఎగిరితే ఊరికే పోతుందా? తల పోయి కప్పుకి తగిలింది. కప్పులోంచి ఓ మట్టిపెళ్ల ఊడి నెత్తిన పడింది.

"ఇదొకటి మన ప్రాణానికి!" అన్నాడు నెత్తి రుద్దుకుంటూ.

"నవ్వులాటకి కాదు గానీ, మన గోడల సంగతి ఆలోచించారా?" అంది సూదమ్మ. "పోయిన వానాకాలం ఎంత పెద్ద పెళ్ల పడిందో గుర్తుందా? సరిగ్గా ములుకు పడుకునే చోటే పడింది. పిల్ల నీళ్లకి లేచింది కాబట్టి సరిపోయింది. రేపు చంటిబిడ్డ వస్తే నేనెక్కడ పడుకోబెట్టను?"

బాణయ్య గోడల వంక చూశాడు. నిజమే మరి. వాన వస్తే చాలు, నాని నాని గోడలు పెళ్లలు పెళ్లలుగా రాలతాయి.

"వానలకి ముందే ఇల్లు బాగు చేయిద్దాం. వెనక ఇంకో గది తవ్విద్దాం. గోడలకి మంచి మట్టి పూయిద్దాం. నా పిల్లల మీద ఒక్క పెళ్ల రాలితే నా పేరు బాణయ్య కాదు!" అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ బాణయ్యకో అక్క ఉందండోయ్. పేరు బల్లెమ్మ. గుట్టకి ఆవలి పక్క రాతి గుహలో కాపురం. ఆవిడ ముళ్లు పొడుగు, మాట అంతకన్నా పొడుగు. ఎప్పుడో ఓసారి తమ్ముడి ఇంటికి వచ్చి గంజి తాగుతుంటే, కప్పులోంచి మట్టి రాలి గంజిలో పడింది.

"ఒరే తమ్ముడూ, ఇది ఇల్లా, ఎలుక బొరియా? మా గోడలు చూడు, చెయ్యి వేస్తే జారిపోతుంది!" అనేసింది.

ఆ మాట బాణయ్య మనసులో అలాగే ఉండిపోయింది. అందుకని ఇంటిపని మొదలుపెట్టే రోజున సూదమ్మతో గొప్పగా అన్నాడు.

"మన కొత్త గోడలు ఎలా ఉండాలో తెలుసా? చీమ ఎక్కితే చీమ జారిపడాలి! అక్క చూసి ముక్కున వేలేసుకోవాలి!"

"మన ఒంటికి ఇన్ని ముళ్లు పెట్టుకుని మనకి నున్నటి గోడలెందుకండీ?" అంది సూదమ్మ.

బాణయ్య వినిపించుకుంటేగా!

పందికొక్కులు నాలుగు వచ్చి, వెనక గదిని చకచకా తవ్వేసి, కూలి కింద దుంపలు పట్టుకుని వెళ్లిపోయాయి. ఇక మట్టి పని మిగిలింది. దానికి డిప్పయ్య మేస్త్రి వచ్చాడు. డిప్పయ్య ఓ ముసలి తాబేలు. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో కసాబిసా తొక్కుతాడు. ఆ ముద్దని గోడకి కొట్టి, తర్వాత తన పొట్టని గోడకి ఆనించి పైకీ కిందకీ రుద్దుతాడు. తాబేలు పొట్ట ఎంత నునుపో మీకు తెలుసుగా? గోడ కూడా అంత నునుపుగా వచ్చేస్తుంది. అది కాస్త గట్టిపడ్డాక పైన తెల్లమట్టి పూస్తాడు. పని మంచిదే. మనిషే నెమ్మది. ఎప్పుడడిగినా ఒకటే మాట.

"రేపటికి అయిపోతుందండీ బాణయ్యగారూ!"

ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆ తాబేలుకే తెలియాలి.

ఇల్లు ఖాళీ చేసి, మన ముగ్గురూ గుమ్మం ముందున్న బలుసు పొద కిందికి మకాం మార్చారు. ఇంటిపని జరుగుతున్న ఇంట్లో ఎలా ఉంటుందో చూశారా ఎప్పుడైనా? ఏ వస్తువూ ఉండాల్సిన చోట ఉండదు. గరిటె మట్టికుప్పలో దొరికింది. ఉప్పు చిప్ప అసలు దొరకనేలేదు. సూదమ్మ మూడు రాళ్లు పెట్టి, ఆయాసపడుతూనే వంట చేసేది.

"ఇవాళ పులుసు కొత్త రుచిగా ఉందే! ఏం వేశావు?" అన్నాడు బాణయ్య ఓ పూట.

"నేనేమీ వెయ్యలేదు. గాలి వేసింది. అది మీ గోడ మట్టి!" అంది సూదమ్మ.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ములుకు అయితే "నాకింకొంచెం గోడ వెయ్యమ్మా!" అని చిప్ప చాచింది.

ఆ పిల్ల సంతోషానికి హద్దు లేదు. ఇంటి చుట్టూ మట్టి, గడ్డి, నీళ్లు! చిన్నపిల్లకి అంతకన్నా పండగ ఇంకేముంటుంది? పొద్దున లేస్తే మేస్త్రి వెనకాలే. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని ఒకటే ప్రశ్నలు.

"తాతా, మట్టికి గడ్డి ఎందుకు తినిపిస్తున్నావు?"

"బలం రావాలి కదమ్మా!"

"తాతా, గోడకి పొట్ట ఎందుకు రుద్దుతున్నావు? దానికి కితకితలు పుట్టవా?"

"దానికి కాదమ్మా, నాకే పుడుతున్నాయి!"

ములుకు కిలకిలా నవ్వేది. తర్వాత నాన్న దగ్గరికి పరిగెత్తేది.

"నాన్నా, నాకూ ఓ పని చెప్పవూ?"

"నీ పని ఆడుకోవడమే తల్లీ. అడ్డం రాకుండా ఆడుకో" అనేవాడు బాణయ్య.

అడ్డం రాకుండా ఆడుకోవడం ఏ పిల్లకి చేతనవుతుంది చెప్పండి?

మొదట వెనక గోడకి మట్టి కొట్టారు. డిప్పయ్య పొట్టతో రుద్ది అలా బయటికి వెళ్లాడో లేదో, ములుకు గోడకి వీపు ఆనించి నిలబడింది.

"నాన్నా! నేనెంత ఎత్తు పెరిగానో చూడు!" అని అటూ ఇటూ కదిలింది. కదిలిన చోటల్లా పర పర పర ముళ్లు గీసుకున్నాయి. తడి గోడంతా గీతలే గీతలు.

"అయ్యో తల్లీ!" అన్నాడు డిప్పయ్య వచ్చి చూసి.

బాణయ్య నవ్వేశాడు. "పోనీలే మేస్త్రీ. పైన తెల్లమట్టి పూసెయ్. గీతలు కనబడవులే" అన్నాడు. డిప్పయ్య అలాగే పూసేశాడు. గీతలన్నీ కిందికి పోయాయి.

తర్వాత ఎడమ గోడ వంతు వచ్చింది. ఆ రోజే బల్లెమ్మ దగ్గర్నుంచి కబురు వచ్చింది. తమ్ముడి కొత్త ఇల్లు చూడ్డానికి వస్తున్నానని చెప్పి పంపింది. ఆ కబురు విన్నప్పట్నుంచీ బాణయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇంతలో ములుకు ఆకుదొన్నెలో నీళ్లు పట్టుకుని వచ్చింది.

"మేస్త్రి తాతకి దాహమేస్తోంది పాపం!"

లోపల నేలంతా తడి. కాలు సర్రున జారింది. నీళ్లు తాత మొహాన, ములుకు గోడ మీద! గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి గీతలు.

ఈసారి బాణయ్య నవ్వలేదు. "చెప్తే వినవేం? ఆ పొద దగ్గర కూర్చోమన్నానా? మేస్త్రీ, రుద్దెయ్! ఒక్క గీత మిగలకూడదు!" అన్నాడు. డిప్పయ్య పొట్ట ఆనించి రుద్దీ రుద్దీ గీతలన్నీ చెరిపేశాడు. పాపం ఆయన పొట్ట ఎర్రబడింది.

మూడోది కుడి గోడ. అది కూడా మట్టి కొట్టి, నున్నగా రుద్ది, ఆరడానికి వదిలారు. ములుకు ఎవరూ చూడకుండా లోపలికి వెళ్లింది. ఈసారి జారలేదు, పడలేదు. కావాలనే వెళ్లింది. ఒక్క ముల్లు మాత్రం లేపి, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా గీసింది. ఓ పెద్ద ఉండ, దానికి ముళ్లు. పక్కన ఇంకో ఉండ, దానికీ ముళ్లు. తర్వాత ఓ బుజ్జి ఉండ. ఆ చివర్న మరీ చిన్న ఉండ, చింతగింజంత.

"నాన్నా! రా, రా! నీకోటి చూపిస్తా!" అని కేక పెట్టింది.

బాణయ్య వచ్చాడు. బొమ్మ చూడలేదు, గీతలే చూశాడు. ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? మీ అత్తయ్య వచ్చే వేళకి ఇల్లంతా పాడు చేస్తావా? నీ ముళ్లు ఇంటికి పనికిరావు! పో బయటికి! మళ్లీ ఈ గుమ్మంలోకి వస్తే ఊరుకోను!"

"అది కాదు నాన్నా, ఇది నువ్వు, ఇది అమ్మ..."

"పొమ్మన్నానా!"

ములుకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తల దించుకుని బయటికి వెళ్లింది. డిప్పయ్య ఆ గోడ ముందు కాసేపు నిలబడ్డాడు. "పాప మిమ్మల్నే గీసినట్టుందండీ" అని గొణిగాడు. కానీ బాణయ్య అప్పటికే తెల్లమట్టి తేవడానికి వెళ్లిపోయాడు. మేస్త్రి ఏం చేస్తాడు? పొట్ట ఆనించి రుద్దేశాడు.

ఆ తర్వాత ములుకు గుమ్మం వైపు చూడలేదు. ప్రశ్నలు లేవు, పరుగులు లేవు. బలుసు పొద కింద ముడుచుకుని కూర్చునేది. ఓ పూట తల్లి దగ్గరికి ఓ తీగముక్క పట్టుకుని వచ్చింది.

"అమ్మా, నా ముళ్లు దీంతో కట్టెయ్యవా? లేకపోతే అన్నిటికీ తగులుతున్నాయి."

సూదమ్మ ఆ తీగ లాగి అవతల పారేసి, పిల్లని దగ్గరికి తీసుకుంది. ముళ్లు గుచ్చుకున్నాయి. గుచ్చుకోనీ అనుకుంది.

"ఏవండీ, పిల్ల నవ్వడం మానేసింది. మీరు చూశారా?" అంది మొగుడితో.

"ఇల్లవనీ, అదే నవ్వుతుంది" అన్నాడు బాణయ్య.

ఎట్టకేలకి డిప్పయ్య చెప్పే ఆ రేపు రానే వచ్చింది. ఇల్లు పూర్తయింది. ఎంత బాగుందనుకున్నారు! గోడలు వెన్నముద్దలా తెల్లగా, నున్నగా మెరిసిపోతున్నాయి. బాణయ్య మొహం చాటంత అయింది. ఓ చీమని పట్టుకొచ్చి గోడ మీద వదిలాడు. చీమ జర్రున జారి కింద పడింది.

"పడింది! పడింది!" అని చప్పట్లు కొట్టుకున్నాడు. పక్కన కొట్టేవాళ్లు ఎవరూ లేరు.

బల్లెమ్మ రానే వచ్చింది. ఆకాశంలో మబ్బులు కూడా వస్తున్నాయి. సూదమ్మకి నెలలు నిండాయి. ఆ రోజే గృహప్రవేశం అనుకుని, డిప్పయ్యని కూడా ఉండమన్నారు. ముళ్లపందుల్లో ఓ ఆచారం ఉంది. కొత్త ఇంట్లోకి ఇంటిల్లిపాదీ ఒకరి వెనక ఒకరు వరసగా నడిచి వెళ్లాలి. పెద్దవాళ్లు ముందు, పిల్లలు వెనక. వరసలో ఒక్కరు తగ్గినా అది ఇల్లు కాదు, ఉత్త బొరియ కిందే లెక్క.

బల్లెమ్మ ముందు నిలబడింది. వెనక బాణయ్య. వెనక సూదమ్మ. ఆ వెనక ఎవరూ లేరు.

"ములుకూ, రా అమ్మా!" అని పిలిచాడు బాణయ్య.

"నేను రాను నాన్నా" అంది ములుకు పొద కిందనుంచి.

బాణయ్య పండిన వెలగపండు ఒకటి పట్టుకెళ్లాడు. "చూడు, ఎంత తియ్యగా ఉందో! లోపల కూర్చుని తిందాం, రా."

"మీరు తినండి. నేను రాను."

"పోనీ, నిన్ను ఎత్తుకుని తీసుకెళ్తా."

"వద్దు నాన్నా."

బల్లెమ్మకి ఓపిక అయిపోయింది. "ఏమిటే ఆ మొండితనం! పిలుస్తుంటే రావేం?" అని గద్దించింది.

ములుకు మొండిగా ఏమీ లేదు. చాలా నెమ్మదిగా, మంచి మాట చెప్తున్నట్టే చెప్పింది.

"నేను వస్తే గోడలు పాడైపోతాయి అత్తయ్యా. నా ముళ్లు ఇంటికి పనికిరావు. నేనిక్కడే ఉంటా. వానొస్తే పొద కింద ముడుచుకుంటా. తమ్ముడు పుడితే గుమ్మం దగ్గర్నుంచి చూస్తాలే. లోపలికి రాను, నిజంగా."

బాణయ్య ఒక్కో మాటా విన్నాడు. ఆ మాటలు ఎవరివి? తనవే. తను విసిరిన మాటలే పిల్ల జాగ్రత్తగా దాచుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్తోంది. బాణయ్యకి ఏడుపొచ్చింది. తన పిల్ల వానలో పొద కింద, తను నున్నటి గోడల మధ్యనా? ఈ ఇల్లు ఎవరి కోసం మొదలుపెట్టినట్టు?

చేతిలో వెలగపండు కింద పెట్టాడు. తర్వాత గబగబా ఇంట్లోకి నడిచాడు.

"ఒరేయ్, వరస! ఆచారం!" అని అరుస్తూ బల్లెమ్మ వెనకాలే పరిగెత్తింది.

బాణయ్య గది మధ్యలో నిలబడి, ఒళ్లు ఒక్కసారి విదిలించాడు. ముళ్లన్నీ గలగలమని లేచి నిలబడ్డాయి.

"ములుకూ! ఇటు చూడమ్మా! నేను కూడా గీస్తున్నా! మీ నాన్న ముళ్లు పనికొచ్చే ఇంట్లో నీ ముళ్లు పనికిరావా?"

అని, నిగనిగలాడే ఆ ఎడమ గోడకి వీపు ఆనించి, బరబరా గీశాడు.

అప్పుడేమైందో తెలుసా? గీత పడలేదు. గోడ మీది తెల్లమట్టి మొత్తం, పైనుంచి కిందిదాకా, అప్పంలా ఊడి వచ్చేసింది. ఊడి వచ్చి ఎక్కడ పడింది? ఇంకెక్కడ, వెనకాలే వచ్చిన బల్లెమ్మ నెత్తిన!

దభీమని శబ్దం. ఆ మట్టిలోంచి బల్లెమ్మ మెల్లగా లేచింది. ముక్కు దగ్గర్నుంచి తోకదాకా తెల్లగా ఉంది. కళ్లు రెండే నల్లగా మిటకరిస్తున్నాయి.

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ములుకు! శబ్దానికి పరిగెత్తుకొచ్చి గుమ్మం అవతల నిలబడి చూస్తోంది.

"నాన్నా, అత్తయ్యకి కూడా పూత వేశారా?"

సూదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డిప్పయ్య తల డిప్పలోకి లాక్కుని లోపల నవ్వుకుంటున్నాడు. డిప్ప మొత్తం ఊగిపోతోంది. బల్లెమ్మ అందరినీ ఉరిమి చూసింది. తన వంక చూసుకుంది. మళ్లీ అందరినీ చూసింది. ఇంక ఆవిడ వల్ల కూడా కాలేదు. ఫక్కున నవ్వేసింది. నవ్విన కొద్దీ ముళ్ల మీంచి తెల్లమట్టి రాలుతోంది.

బాణయ్యకి పట్టుదల వచ్చింది. కుడి గోడ దగ్గరికి వెళ్లి గీశాడు. అది కూడా అంతే. జర్రున జారి వచ్చి ఈసారి బాణయ్య నెత్తినే పడింది. ఇప్పుడు అక్కా తమ్ముళ్లిద్దరూ ఒకే రంగు.

ఇక మిగిలింది వెనక గోడ. బాణయ్య గీశాడు. పర పరమని గీతలు పడ్డాయి గానీ మట్టి ఊడలేదు. ఇంకొంచెం గట్టిగా గీశాడు. ఊహూ! భుజంతో తోశాడు. గోడ గోడలాగే ఉంది.

"ఇదేమిటి మేస్త్రీ? మూడు గోడలకీ మట్టి ఒకటే, చెయ్యి ఒకటే. ఇదొక్కటే ఎలా నిలబడింది?" అన్నాడు ఆశ్చర్యంగా.

"నాకూ అంతుపట్టడం లేదండీ" అన్నాడు డిప్పయ్య తల బయటపెట్టి.

సూదమ్మ పొట్ట పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చింది. గోడ అంచున కొంచెం తెల్లమట్టి గోకి చూసింది. కింద ములుకు గీతలు అలాగే ఉన్నాయి. ఒక్కో గీతలోకీ తెల్లమట్టి దిగి, గట్టిగా కూర్చుంది.

"ఇది చూశారా! పిల్ల గీసిన గీతల్ని పట్టుకునే పై మట్టి నిలబడింది. ఆ రెండు గోడలకీ మీరు గీతలన్నీ రుద్దించేశారుగా? నున్నటిదాని మీద నున్నటిది పూస్తే పట్టుకోవడానికి ఏముంటుంది?" అంది.

బయట ఎక్కడో దూరంగా ఉరుము వినిపించింది. అప్పుడు బాణయ్యకి ఇంకో సంగతి తట్టింది. ఆ రెండు గోడలూ ఇప్పుడు కాకుండా, వాన పడ్డాక ఊడి ఉంటే? కింద చంటిబిడ్డ నిద్రపోతూ ఉంటే? ఏ పెళ్లలకి భయపడి ఇల్లు బాగు చేయించాడో, అంతకన్నా పెద్ద పెళ్లల్ని తన చేత్తోనే కట్టించి పెట్టాడు!

బాణయ్య గుమ్మం దగ్గరికి వెళ్లి ములుకు ముందు కూర్చున్నాడు. మొహమంతా తెల్లమట్టి. దాని మీద కన్నీళ్లు చారలు కట్టాయి.

"తప్పు నాదే తల్లీ. నీ ముళ్లు పనికిరావన్నాను. అది ఉత్త అబద్ధం. ఈ ఇంట్లో నిలబడింది నువ్వు గీసిన గోడ ఒక్కటే. నాకు సాయం చేస్తావా? ఆ రెండు గోడలూ గియ్యాలి."

ములుకు నాన్న మొహం వంక అనుమానంగా చూసింది.

"నిజంగా? గీస్తే తిట్టవు కదా?"

"గియ్యకపోతే తిడతాను!"

ఇంకేముంది! ములుకు లోపలికి ఒక్క దూకు దూకింది. డిప్పయ్య గోడలకి తడి మట్టి కొట్టాడు. ములుకు గోడ వెంట పర పర పర పరిగెత్తింది. వెనకాల బాణయ్య. ఆ వెనక బల్లెమ్మ!

"అలా కాదత్తయ్యా, నడుము ఇలా తిప్పాలి! ఊఁ, ఇంకా కిందికి!" అని ములుకు నేర్పుతోంది.

"ఇలాగేనా? బాగుందే ఇది, వీపు దురద కూడా తీరుతోంది!" అంటోంది బల్లెమ్మ. పొడుగు ముళ్లు కదా, ఆవిడ గీతలు మరీ లోతుగా పడ్డాయి.

సూదమ్మ గుమ్మంలో కూర్చుని, "అదిగో, ఆ మూల వదిలేశారు! మీ కంటికి అన్నీ నున్నగానే కనబడతాయా?" అని మొగుణ్ని ఆట పట్టించింది. మధ్యలో దుంపలు కాల్చి అందరికీ పెట్టింది. డిప్పయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రేపు అనకుండా ఆ సాయంత్రానికే తెల్లమట్టి పూసేశాడు. ఈసారి పొట్ట పెట్టి రుద్దబోతే బాణయ్యే వద్దన్నాడు.

"ఉండనీ మేస్త్రీ. కాస్త గరుకుగానే ఉండనీ. ఇందులో బతికేది చీమలు కాదు, మేమే."

అదృష్టం బాగుండి మబ్బులు కాస్త ఆగాయి. రెండు రోజులు ఎండ కాసింది. గోడలు బాగా ఆరాయి. మళ్లీ గృహప్రవేశానికి అందరూ గుమ్మం ముందు వరస కట్టారు. పెద్దది కాబట్టి బల్లెమ్మే ముందుండాలి. కానీ ఆవిడ పక్కకి జరిగింది. వెనకాల నిలబడ్డ ములుకుని పట్టుకొచ్చి అందరికన్నా ముందు నిలబెట్టింది.

"అక్కా, ఆచారం?" అన్నాడు బాణయ్య.

"నోరు మూసుకోరా! గోడలు నిలబెట్టింది ఎవరో వాళ్లే ముందు నడుస్తారు. ఇవాళ్టి నుంచి ఇదే ఆచారం" అంది బల్లెమ్మ. ఆవిడ మాటకి ఎదురెవరు చెప్తారు?

ములుకు తల పైకెత్తి, ముళ్లన్నీ విప్పుకుని, గలగలలాడించుకుంటూ లోపలికి నడిచింది. దాని వెనక అందరూ నడిచారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మొదలైంది వాన. మామూలు వానా అది! గుట్ట మీంచి నీళ్లు ధారలు కట్టాయి. బయట బలుసు పొద వంగిపోయింది. ఆ వాన హోరులోనే ఇంట్లో సన్నగా "కీక్" మని వినిపించింది. ములుకుకి తమ్ముడు పుట్టాడు. బాణయ్య ఓ చెవి బిడ్డ వైపు, ఓ చెవి గోడల వైపు పెట్టి కూర్చున్నాడు. ఎంతసేపు విన్నా ఒక్క రేణువు రాలిన చప్పుడు లేదు. అప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ములుకు తమ్ముణ్ని ముట్టుకుని చూసింది. వాడి ఒంటి మీద ముళ్లింకా గట్టిపడలేదు, తడిసిన గడ్డిలా మెత్తగా ఉన్నాయి.

"నాన్నా, వీడు పెద్దయ్యాక గోడలు గీకుతాడేమో?"

"గీకుతాడమ్మా."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను? పక్కకి జరిగి వాడికి చోటిస్తాను" అన్నాడు బాణయ్య.

నీతి: ఇల్లు అందంగా ఉండాలని ఇంట్లోవాళ్లను బయట నిలబెట్టకూడదు. పసివాళ్ల చెయ్యి కూడా పడితేనే అది ఇల్లవుతుంది.